టేబుల్ అడిగితే క్యాబిన్ ఇచ్చారు

కర్నూలులో ఈమధ్య తెరిచిన కేఫ్ ఇది. పేరు మాత్రం రాయను. యాప్‌లో పరిచయమైన అబ్బాయిని మొదటిసారి కలవడానికి నేనే ఫోన్ చేసి ‘ఇద్దరికి టేబుల్’ అని చెప్పాను. తీరా వెళ్తే పై అంతస్తులో కర్టెన్ వేసిన క్యాబిన్ చూపించారు. గంటకు 300 అదనం.

లోపల ఒకటే సోఫా. ఎదురుగా గోడ, దానికి ప్లాస్టిక్ హార్టుల దండ. ముఖాలు చూసుకుని మాట్లాడుకునే వీల్లేదు, ఒకరినొకరు ఒరుసుకుని కూర్చోవాల్సిందే. ఆ ఎర్ర బల్బు వెలుగులో ప్లేట్లో చికెన్ ఏదో, నిమ్మచెక్క ఏదో తెలీలేదు. వెయిటర్ కర్టెన్ తీసే ముందు గట్టిగా దగ్గాడు. నాకు ఒళ్ళు మండింది. మేమేం చేస్తున్నామని దగ్గు?

పిలిచింది నేను, బుక్ చేసింది నేను. ఇక ఆయన ఏమనుకోవాలి? మొదటి డేట్‌కి అమ్మాయే పిలిస్తే మగవాళ్ళు మామూలు కన్నా ఎక్కువే ఆశించి వస్తారని అమెరికాలో పాల్ మాంజో, కొలీన్ కేరీ అనే పరిశోధకులు 1996లోనే రాశారు. ఉత్త పిలుపుకే అంతుంటే, దానికి కర్టెన్ కూడా తోడైతే!

ఈయన మాత్రం సోఫా చివర బిగుసుకుని కూర్చున్నాడు. ‘కిందికి పోదామా’ అన్నాను. ‘నాకూ టెన్షన్‌గానే ఉందండి. మీరే బుక్ చేశారు కదా, వద్దంటే ఏమనుకుంటారో అని...’ అన్నాడు పాపం.

‘జంటలంతా క్యాబినే అడుగుతారక్కా’ అన్నాడు కౌంటర్ దగ్గర పిల్లోడు. అడిగినవాళ్ళకు ఇవ్వండి, నేను కాదనను. కొండారెడ్డి బురుజు దగ్గర ఒకబ్బాయితో కాసేపు నిలబడితే, నేను ఇల్లు చేరేలోపే అమ్మకు ఫోన్ పోయే ఊరిది. చాటు కావాలనుకునేవాళ్ళు ఉంటారు. అడగనివాళ్ళను అందులో కూర్చోబెట్టడమెందుకు?

కింద హాలు మాత్రం బాగుంది. గాజు గోడ, వెలుతురు, మధ్యలో టేబుల్. అక్కడ తెప్పించిన చికెన్ 65 కరివేపాకుతో కరకరలాడుతూ వచ్చింది. కోల్డ్ కాఫీ వద్దు, ఉత్త పంచదార నీళ్ళు. పది నిమిషాలు కూడా కూర్చోని క్యాబిన్‌కు బిల్లులో 300 వేశారు, గొడవపడితే తీసేశారు. మిగతాది చెరిసగం ఫోన్‌పే చేశాం.

రెండు స్టార్లు, రెండూ ఆ 65కే. పోయేవాళ్ళు ఫోన్లోనే ‘కింద హాల్లో’ అని ఒకటికి రెండుసార్లు చెప్పండి. ఆదివారం సాయంత్రం అయితే బండి పెట్టుకోను చోటుండదు.