పాత టాటా మొబైల్ పికప్పుకి రెడీమేడ్ వైరింగ్ కిట్: బాక్సు కోసం కొనొచ్చు, వైరు కోసం వద్దు

ముందే తేల్చి చెప్తాను. పాత పికప్పులకు, జీపులకు పనికొస్తుందని అమ్ముతున్న పన్నెండు సర్క్యూట్ల వైరింగ్ కిట్‌లో ఫ్యూజు బాక్సు నిజంగా బాగుంది. రిలేలు, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ ఆఫ్ చేసే స్విచ్చిలు, పెట్టే సాకెట్లు గట్టిగా ఉన్నాయి. ఏ వైరు ఎక్కడికి పోవాలో దాని మీదే అచ్చువేసి ఇవ్వడం ఇంకా బాగుంది. ఆ వైరే బాగాలేదు. ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో తిరిగే బండికైతే అసలు వద్దు. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఒకే సరుకు వేరు వేరు పేర్లతో, వేరు వేరు అట్టపెట్టెల్లో వస్తోంది. నేను నెల్లూరు ఆటోనగర్‌లో 3,900 రూపాయలకు కొన్నాను.

బండి టాటా మొబైల్ 206, సింగిల్ క్యాబిన్, 1993 మోడల్. టాటావాళ్ళు ఈ బండిని 1988లో తెచ్చారు. 1948 సీసీ డీజిల్ ఇంజన్. తర్వాత వచ్చిన సియెర్రా, ఎస్టేట్ బండ్లు కూడా దీన్ని ఆధారం చేసుకుని తయారైనవే. మా నాన్న దీన్ని కొన్నది రొయ్యల కోసం. అప్పట్లో విడవలూరు, ఇందుకూరుపేట వైపు వరి మళ్ళు కూడా టైగర్ రొయ్య గుంటలుగా మారుతున్న రోజులు. నెల్లూరు నుంచి మేత బస్తాలు పోవాలన్నా, గుంటల దగ్గర నుంచి ఐసు వేసిన రొయ్య ట్రేలు రావాలన్నా ఇదే. 1994, 95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి గుంటలు పాడుబడ్డాక చాలామంది బండ్లు అమ్ముకున్నారు. నాన్న అమ్మలేదు. వనామీ రకం రొయ్య వచ్చాక మళ్ళీ అదే బండి అదే దారిలో తిరిగింది. అందుకే దీన్ని తుక్కు కింద ఇవ్వడానికి నాకు మనసు రాలేదు, ఇప్పుడు కూడా రాదు.

టింకరింగ్ పని కోవూరులో చేయించాను. డ్రైవర్ కాళ్ళ కింద రేకు, తొట్టి అడుగు కోసేసి కొత్త రేకు వేశారు, ప్రైమర్ కొట్టి పాత తెలుపు రంగే వేశారు. చక్కగా చేశారు, దాని గురించి అంతకన్నా చెప్పేది లేదు. ఇంజన్ బాగానే ఉంది. అసలు రోగం వైరింగ్‌లో ఉంది.

ముప్పై ఏళ్ళలో ఈ బండి మీద చెయ్యి వేసిన ప్రతి ఎలక్ట్రీషియనూ తన వంతుగా ఒక వైరు కలిపాడు, పాతది తియ్యలేదు. హారన్‌కి కరెంటు పార్కింగ్ లైటు నుంచి వస్తోంది. వైపర్‌కి ఇంట్లో ఫ్యాన్లకు వాడే వైరు. ఫ్యూజు ఉండాల్సిన చోట రాగి పోగు చుట్టి ఉంది. టేపు కరిగి జిగురులా అయిపోయి, తీస్తుంటే వేళ్ళకు అంటుకుని వస్తోంది. అన్నిటికన్నా విచిత్రం, రాత్రిపూట బ్రేకు తొక్కితే కుడిపక్క ఇండికేటర్ సన్నగా వెలిగేది. ఇది పాత బండ్లున్న వాళ్ళందరికీ తెలిసిన జబ్బే. వెనక లైటుకి ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కి తిరిగిపోయే దారి, సరిగా లేనప్పుడు, బ్రేకు బల్బులోకి వచ్చిన కరెంటు బయటికి పోయే దారి లేక పక్కనున్న ఇండికేటర్ బల్బు గుండా పోతుంది. బల్బు మారిస్తే తగ్గదు. హోల్డర్ మార్చినా తగ్గదు.

ఇట్టాంటి బండికి ముక్క ముక్కగా అతుకులు వెయ్యడం దండగ అని నా అభిప్రాయం. మొత్తం ఊడబెరికి మొదటి నుంచి వేసుకోవాలి. కిట్ కొన్నది అందుకే.

ఇక కిట్ సంగతి. ఫ్యూజు బాక్సు అరచేతికి కొంచెం పెద్దది, పైన మూత. పన్నెండు బ్లేడ్ ఫ్యూజులు, కింద వరసలో నాలుగు రిలేలు. మూత లోపల ఏ ఫ్యూజు దేనికో బొమ్మ ఉంది. పాత సిరామిక్ ఫ్యూజులు వాడినవాళ్ళకు ఈ బ్లేడ్ ఫ్యూజుల హాయి చెప్పక్కర్లేదు. స్ప్రింగు పట్టు వదలదు, రంగు చూడగానే ఎన్ని ఆంప్సో తెలుస్తుంది: ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. విడవలూరులో కిరాణా షాపు పక్కనుండే టూ వీలర్ మెకానిక్ దగ్గర కూడా దొరుకుతాయి. బాక్సులో టెర్మినళ్ళు ఇత్తడివి, మందంగా ఉన్నాయి. ఫ్యూజు పెట్టి తీసి, పెట్టి తీసి చూశాను, పట్టు సడలలేదు. రిలే సాకెట్ల మీద 30, 85, 86, 87 అని అచ్చు స్పష్టంగా ఉంది. ఆ నాలుగు అంకెలు తెలిస్తే ఏ రిలే అయినా ఇంట్లో బిగించుకోవచ్చు. 30కి బ్యాటరీ నుంచి నేరుగా, 87 నుంచి లైటుకి, 85, 86 రెండిట్లో ఒకటి స్విచ్చికి, ఇంకొకటి ఎర్త్‌కి.

వైరు దగ్గరికి వచ్చేసరికి సరుకు మారిపోతుంది. బిగించే ముందే ఒక కొసన తోలు తీసి, బ్లేడుతో పోగుల మీద గీకాను. పైన ఎర్రగా ఉంది, లోపల తెల్లగా ఉంది. అంటే అల్యూమినియం పోగుకి రాగి పూత. మీరు ఏ కిట్ కొన్నా ఈ పరీక్ష షాపులోనే చెయ్యండి, షాపతను ఏమీ అనుకోడు. ఒకే మందమున్న నిఖార్సైన రాగి వైరుతో పోలిస్తే ఇట్టాంటి వైరు కరెంటుని ఒకటిన్నర రెట్లు ఎక్కువగా అడ్డుకుంటుంది. అది ఒక ఎత్తు. మన దగ్గర అసలు భయం ఉప్పు. రాగి, అల్యూమినియం ఒకదానికొకటి ఆనుకుని ఉన్నచోట ఉప్పునీరు చేరితే అల్యూమినియం తినేసుకుపోతుంది. వైరు కొసకి నొక్కే థింబుల్ లోపల తెల్లపొడి మిగులుతుంది. పైకి వైరు బాగానే కనిపిస్తుంది, లైటు మాత్రం వెలగదు. రొయ్యల ట్రేల నుంచి కారే నీళ్ళు తొట్టి సందుల్లోంచి నేరుగా ఛాసిస్ మీద పడే బండికి అది వెయ్యడం కుదిరే పని కాదు.

దాంతో కిట్ వైరుని కొలతగా వాడాను. మొత్తం సెట్టు బండి మీద పరిచి, ఏది ఎక్కడిదాకా వస్తుందో చూసి, అదే పొడుగున నిఖార్సైన రాగి ఆటో వైరు కత్తిరించుకున్నాను. వెనక లైట్లకు 1 చదరపు మిల్లీమీటరు, హారన్‌కి 1.5, హెడ్‌లైట్లకు 2.5. ఇంటి వైరింగ్‌కి వాడే వైరు మాత్రం బండిలో వెయ్యకండి. దాంట్లో పోగులు లావుగా, తక్కువగా ఉంటాయి, ఇంజన్ అదురుకి విరుగుతాయి. పైన తోలు కూడా నూనెకి, వేడికి తట్టుకునేది కాదు.

ఈ కిట్ పెట్రోలు బండిని దృష్టిలో పెట్టుకుని చేసింది. డీజిల్ బండికి కావాల్సిన రెండు ముఖ్యమైన లైన్లు దీంట్లో లేవు. ఒకటి, స్టార్ట్ చేసే ముందు ఇంజన్ లోపల వేడి చేసే హీటర్ ప్లగ్గులు. నాలుగు ప్లగ్గులూ కలిసి ఒక్కసారిగా లాగే కరెంటు ఈ బాక్సులో ఏ ఫ్యూజూ మొయ్యలేదు. దానికి విడిగా పెద్ద రిలే, బ్యాటరీ నుంచి మందమైన వైరు వేసుకోవాల్సిందే. రెండోది, పంపు మీద డీజిల్ ఆపే సోలినాయిడ్, అంటే కరెంటుతో పనిచేసే వాల్వు. కిట్‌లో ఇగ్నిషన్ కాయిల్ అని రాసిన లైను ఉంది, దాన్నే సోలినాయిడ్‌కి వాడుకోవచ్చు, అది కీ తిప్పగానే కరెంటు ఇచ్చే లైనే. కిట్‌తో ఇచ్చిన కాగితంలో ఈ ముక్క ఎక్కడా లేదు. కాగితం మీద బొమ్మ కూడా మసగ్గా ఉంది, సగం గీతలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో తెలియదు. డీజిల్ బండికీ పనికొస్తుందని చెప్పి అమ్మేటప్పుడు ఇది పెద్ద లోపం.

ఎర్త్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కిట్ తయారుచేసినవాళ్ళు దీన్ని పూర్తిగా వదిలేశారు. పన్నెండు ప్లస్ లైన్లు ఇచ్చి, ఎర్త్‌కి రెండంటే రెండు నల్ల వైరు ముక్కలు ఇచ్చారు. మిగతాదంతా బాడీ చూసుకుంటుందని వాళ్ళ లెక్క. కొత్త బండికి చూసుకుంటుందేమో. ముప్పై ఏళ్ళ తుప్పు, దాని మీద కొత్త పెయింటు ఉన్న బండికి బాడీ ఎర్త్ నమ్ముకుంటే మళ్ళీ పాత కథే. ఆటోనగర్‌లో వయసుమళ్ళిన ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉన్నాడు, నేను కిట్ చూపించగానే వైర్లు పక్కకి నెట్టి నల్ల ముక్కలు పట్టుకున్నాడు. "కరెంటు పోయే దారి అందరూ చూస్తారబ్బయా, తిరిగొచ్చే దారి ఎవరూ చూడరు. బాడీని నమ్ముకోబాక, ప్రతి లైటుకీ రెండో వైరు లాక్కో" అన్నాడు. ఆయన చెప్పినట్టే చేశాను. వెనక రెండు లైట్లకు, నంబర్ ప్లేటు లైటుకి, ముందు లైట్లకు, హారన్‌కి, అన్నిటికీ ప్లస్‌తోపాటు ఒక నల్ల వైరు కూడా వేసి, అన్నిటినీ క్యాబిన్‌లో ఒక ఇత్తడి పట్టీకి తెచ్చి, అక్కడి నుంచి మందమైన వైరుతో బ్యాటరీ మైనస్‌కి కలిపాను. వైరు ఎక్కువ పట్టింది, ఖర్చు పెరిగింది. పెరిగినా మంచిదే. ఇంజన్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఉండే అల్లిక ఎర్త్ పట్టీ కూడా కొత్తది వేశాను, దాని కింద పెయింటు గీకి, పళ్ళ వాషర్ పెట్టి బిగించి, పైన వ్యాసలిన్ పూశాను.

ఇది పనిచేసిందో లేదో చూడటానికి మల్టీమీటర్ చాలు. లైటు వెలుగుతుండగా ఒక కొస బ్యాటరీ మైనస్ మీద, ఇంకో కొస బల్బు ఎర్త్ మీద పెట్టాలి. సున్నాకి దగ్గరగా రావాలి. పాత వైరింగ్‌తో బ్రేకు తొక్కినప్పుడు 1.9 వోల్టులు చూపించింది, అంటే అంత వోల్టేజీ తుప్పులోనే పోతోందన్నమాట. ఇప్పుడు 0.1 కూడా రావడం లేదు. ఇండికేటర్ దెయ్యం కూడా వదిలింది.

హెడ్‌లైట్లలో వచ్చిన తేడా నాన్న కూడా గుర్తుపట్టాడు. 60 వాట్ల బల్బులు రెండు కలిసి పది ఆంప్స్ లాగుతాయి. పాత వైరింగ్‌లో ఆ పది ఆంప్సూ స్విచ్చిలోంచి, డిమ్మర్‌లోంచి తిరిగి తిరిగి పోవాలి. బల్బు దగ్గర కొలిస్తే 10.4 వోల్టులు. కిట్ రిలేలతో, రాగి వైరుతో వేశాక 12.1. బల్బు లెక్క ఎట్టా ఉంటుందంటే, వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు సుమారు ముప్పై శాతం పడిపోతుంది. అందుకే మనం లైట్లు మసగ్గా ఉన్నాయని వంద వాట్ల బల్బులు కొంటాం, దాంతో స్విచ్చి కాలిపోతుంది. ముందు రిలే వేసి చూడండి, బల్బు మార్చే పనే ఉండదు.

కిట్‌తో ఇచ్చే థింబుల్సు పల్చటివి, పారెయ్యండి. విడిగా మంచివి కొనుక్కుని, రాచెట్ క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కండి. కటింగ్ ప్లయర్‌తో చదును చేసి సోల్డర్ పెట్టడం మన దగ్గర అలవాటు. సోల్డర్ పోగుల్లోకి పాకి ఆ కాస్త దూరం వైరుని పుల్లలా చేస్తుంది, అదురుకి సరిగ్గా అక్కడే విరుగుతుంది. రాచెట్ ప్లయర్ పూర్తిగా నొక్కితే తప్ప వదలదు, కాబట్టి ప్రతి థింబుల్ ఒకేలా వస్తుంది. దాని పైన హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి తగిలితే బిగుసుకునే గొట్టం) వెయ్యండి, లోపల గమ్ ఉండేది. మామూలు స్లీవ్ నీళ్ళని ఆపదు.

మొన్న కార్తీకంలో వాయుగుండం పట్టి రోజుల తరబడి వాన పడింది. పెన్న వంతెన మీద నుంచి కోవూరు దాకా వైపర్, హెడ్‌లైటు, హారన్ అన్నీ ఒకేసారి వేసుకుని వచ్చాను. ఒక్క ఫ్యూజూ పోలేదు, బాక్సు మూత లోపల తేమ లేదు. సరుకు బండి ఎనిమిదేళ్ళు దాటితే ఏటా ఫిట్‌నెస్‌కి పోవాలి కదా, ప్రతిసారీ ఉండే లైట్ల టెన్షన్ ఈసారి లేదు.

బాక్సు రిలేలతో సహా విడిగా ఇస్తారా అని అదే షాపులో అడిగాను. మొదట కుదరదన్నారు. వైరు గీకి చూపించాక, "తెప్పిస్తాను అన్నా, ముందు చెప్పి రా" అన్నాడు కౌంటర్‌లో కుర్రాడు. పూర్తి కిట్ ధరలో సగం కన్నా తక్కువ చెప్పాడు. పెద్ద హీటర్ రిలే, ఇత్తడి ఎర్త్ పట్టీ కూడా అక్కడే దొరికాయి. గమ్ స్లీవ్ మాత్రం నెల్లూరులో నాకు దొరకలేదు, ఆన్‌లైన్లో తెప్పించుకున్నాను.