ఐపీ ఫోన్లు నడపడానికి ఈ రౌటర్ పనికొస్తుందా? నా రివ్యూ

ముందే చెప్పేస్తా. నెట్ వాడుకోవడానికి, వీడియో మీటింగులకి, పెద్ద పెద్ద ఫైళ్లు దించుకోవడానికి ఈ రౌటర్‌కి వంక పెట్టలేం. కానీ దీని వెనక ఆస్టరిస్క్ లాంటి ఐపీ ఫోన్ సిస్టమ్ (నెట్ మీద నడిచే ఆఫీసు ఫోన్ ఎక్స్ఛేంజ్) పెట్టి, బయట ఉన్నవాళ్లు కూడా అందులోకి కాల్ చేయాలి అనుకుంటే మాత్రం ఐదుకి రెండున్నర ఇస్తా. ఆ రెండున్నర కూడా ఎక్కడ ఏ టిక్కు తీసేయాలో తెలిసినవాళ్లకే. తెలియకుండా దిగితే ఫోన్ మోగుతుంది, ఎత్తితే మాట వినపడదు, తప్పు ఎక్కడుందో ఒక పట్టాన దొరకదు.

కనెక్షన్‌తో పాటు వచ్చే మామూలు డబ్బా ఇది. మోడల్ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇవే మెనూలు, ఇవే బగ్గులు వేరే వేరే స్టిక్కర్లతో చాలా రౌటర్లలో కనిపిస్తాయి. మీ దగ్గరున్నది వేరే పేరుదైనా కింద రాసిన వాటిలో సగం మీకూ తగులుతాయి. దీని వెనక నేను పెట్టింది ఫ్రీపీబీఎక్స్ (ఆస్టరిస్క్‌ని వెబ్ పేజీల్లోంచి సెట్ చేసుకునే సాఫ్ట్‌వేర్) నడిచే చిన్న కంప్యూటర్, కొన్ని డెస్క్ ఫోన్లు, ఒక సిప్ ట్రంక్ (నెట్ మీదుగా బయటి నంబర్లకి కలిపే ఫోన్ లైన్), బయట తిరిగేవాళ్ల మొబైళ్లలో సాఫ్ట్‌ఫోన్ యాప్.

మంచి మాట ముందు. పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీ, అంటే బయటి నుంచి ఏ పోర్టుకి వచ్చినదాన్ని లోపల ఏ కంప్యూటర్‌కి పంపాలో రాసే చోటు, శుభ్రంగా ఉంది. కొన్ని రౌటర్లలో ఒక్కో పోర్టుకి ఒక్కో రూల్ రాయాలి, ఇందులో రేంజ్ మొత్తం ఒకే వరసలో ఇవ్వొచ్చు. ఫోన్ సిస్టమ్‌కి ఇది చాలా ముఖ్యం. కాల్ కలపడం, కట్ చేయడం లాంటి కబుర్లన్నీ సిప్ అనే పద్ధతిలో మామూలుగా 5060 పోర్టు మీద నడుస్తాయి, మాట మాత్రం ఆర్‌టీపీ రూపంలో వేరే పోర్టుల్లో వెళ్తుంది, ఆస్టరిస్క్‌తో వచ్చే సెట్టింగుల్లో అవి 10000 నుంచి 20000 దాకా ఉంటాయి. అన్ని పోర్టులు చిన్న ఆఫీసుకి అక్కర్లేదు. ఒక్కో లెగ్‌కి, అంటే ఫోన్ సిస్టమ్‌కీ కాల్‌లో ఒక వైపుకీ మధ్య ఉన్న ముక్కకి, రెండు పోర్టులు పడతాయి, బయటి ఫోన్ నుంచి ట్రంక్‌కి వెళ్లే కాల్ అంటే రెండు లెగ్గులు, అంటే నాలుగు. 10000 నుంచి 10200 దాకా పెట్టుకుంటే ఒకేసారి యాభై కాల్స్ నడుస్తాయి. కాకపోతే రౌటర్‌లో తగ్గించినప్పుడు ఫ్రీపీబీఎక్స్‌లో కూడా అదే రేంజ్ పెట్టాలి, లేకపోతే కొన్ని కాల్స్ బాగుంటాయి, కొన్నిటికి మాట రాదు, పట్టుకోవడం నరకం.

అదే పేజీలో ఒక చిరాకు ఉంది. కొత్త రూల్ తెరిస్తే ప్రోటోకాల్ దగ్గర టీసీపీ అని ముందే ఎంచుకుని ఉంటుంది. టీసీపీ, యూడీపీ అనేవి ప్యాకెట్లు పంపే రెండు పద్ధతులు, ఫోన్ మాటంతా యూడీపీలో వెళ్తుంది, సిప్ కూడా చాలా చోట్ల యూడీపీయే. చూసుకోకుండా సేవ్ కొట్టేస్తే రూల్ పచ్చగా కనిపిస్తుంది, పని మాత్రం చేయదు. పైగా పోర్ట్ తెరుచుకుందో లేదో చూపించే సైట్లు ఎక్కువ భాగం టీసీపీనే పరీక్షిస్తాయి, కాబట్టి యూడీపీ రూల్ సరిగ్గా ఉన్నా అక్కడ "క్లోజ్డ్" అనే వస్తుంది. దాన్ని చూసి టెన్షన్ పడొద్దు. ఫోన్ సిస్టమ్ ఉన్న కంప్యూటర్‌లో ఎస్ఎన్‌గ్రెప్ (వచ్చిపోయే సిప్ మెసేజ్‌లని చూపించే టూల్) తెరిచి, మొబైల్ డేటా మీద ఉన్న యాప్ నుంచి రిజిస్టర్ చేసి చూడండి. ప్యాకెట్ వచ్చిందా, ఫార్వర్డింగ్ పనిచేస్తున్నట్టే. రాలేదా, సమస్య రౌటర్ దగ్గరో అంతకు ముందో ఉంది, ఫోన్ సిస్టమ్‌ని కెలకొద్దు. ఈ ఒక్క పరీక్షతో సగం తలనొప్పి పోతుంది. ఇంకోటి, రూల్ రాసే ముందే ఫోన్ సిస్టమ్ కంప్యూటర్‌కి డీహెచ్‌సీపీ రిజర్వేషన్ (ఎప్పుడూ ఒకే ఐపీ ఇచ్చే సెట్టింగ్) పెట్టేయండి, లేకపోతే ఎప్పుడో కరెంటు పోయి వచ్చాక దాని ఐపీ మారిపోయి, రూల్స్ అన్నీ ఖాళీ అడ్రస్‌కి పంపుతూ కూర్చుంటాయి.

ఇప్పుడు అసలు మార్కులు తీసేసిన చోటు: సిప్ ఏఎల్‌జీ.

ఏఎల్‌జీ ఉద్దేశం మంచిదే. సిప్ మెసేజ్‌లో ప్యాకెట్ పైనే కాదు, లోపల రాత మధ్యలో కూడా ఐపీ అడ్రసులు ఉంటాయి. మామూలు నాట్, అంటే లోపలి అడ్రస్‌ని పబ్లిక్ అడ్రస్‌గా మార్చే రౌటర్ పని, పైదాన్ని మారుస్తుంది, లోపలిది అలాగే వదిలేస్తుంది. ఆ లోపలిదాన్ని కూడా సరిదిద్దుతా అని రౌటర్ మధ్యలో దూరడమే ఏఎల్‌జీ. చిక్కేమిటంటే ఆస్టరిస్క్‌కి ఆ పని తనంతట తనకే వచ్చు, చాలా ఐపీ ఫోన్లకీ వచ్చు. వాళ్లు సరిగ్గా రాసి పంపినదాన్ని ఈ రౌటర్ మళ్లీ దిద్ది పాడు చేస్తుంది. నేను కళ్లారా చూసింది ఇది: ఫోన్ సిస్టమ్ నుంచి ఇన్వైట్ (కాల్ మొదలుపెట్టే మెసేజ్) బయల్దేరినప్పుడు అందులో పబ్లిక్ ఐపీ, ఆడియోకి 10044 పోర్టు ఉన్నాయి. అవతల ట్రంక్ వాళ్ల లాగ్‌లో అదే మెసేజ్‌లో ఐపీ సరిగ్గానే ఉంది, పోర్టు మాత్రం ఇంకేదో. రౌటర్ తనకు నచ్చిన నంబర్ వేసింది, ఆ నంబర్‌కి వచ్చిన ఆడియోని లోపలికి పంపనూ లేదు. మన మాట వాళ్లకి వినపడుతుంది, వాళ్ల మాట మనకి రాదు.

దీన్ని ఆపే టిక్కు పోర్ట్ ఫార్వర్డింగ్ దగ్గర ఉండదు, ఫైర్‌వాల్ మెయిన్ పేజీలో కూడా ఉండదు. అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి, నాట్ అనే దాని కింద, ఎఫ్‌టీపీ, పీపీటీపీ, హెచ్.323 లాంటి పేర్ల వరసలో చివర్న "సిప్" అని మూడక్షరాలు ఉంటాయి. వివరణ లేదు, ఏం చేస్తుందో ఒక ముక్క లేదు, టిక్కు మాత్రం ముందే పెట్టి ఉంటుంది. అది తీసేయండి, సేవ్ చేయండి, రౌటర్‌ని రీస్టార్ట్ చేయండి. రీస్టార్ట్ ఎందుకంటే, అప్పటికే తెరుచుకున్న కనెక్షన్లని రౌటర్ గుర్తుపెట్టుకుని పాత పద్ధతిలోనే నడిపిస్తుంది, ఫోన్లు ఆగకుండా కీప్‌అలైవ్ (దారి మూసుకుపోకుండా పంపే చిన్న ప్యాకెట్లు) పంపుతుంటాయి కాబట్టి ఆ పాత గుర్తు చెరిగిపోదు. కొత్తగా ఫార్వర్డింగ్ రూల్ రాసినప్పుడు కూడా ఇదే కథ. సెట్టింగ్ సరిగ్గా మార్చి, ఫలితం లేదని మళ్లీ వెనక్కి మార్చేవాళ్లు చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది ఇంకోటుంది. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ వచ్చాక ఆ టిక్కు మళ్లీ వచ్చేసింది. ఫార్వర్డింగ్ రూల్స్ అలాగే ఉన్నాయి, వైఫై పాస్‌వర్డ్ అలాగే ఉంది, ఏఎల్‌జీ ఒక్కటే మొదటి స్థితికి వెళ్లిపోయింది. అప్‌డేట్ రాత్రిపూట దానంతట అదే అవుతుంది, పొద్దున ఫోన్లు మూగబోతాయి, ఎవరూ ఏమీ మార్చలేదు కదా అని అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. వినియోగదారుడు తీసేసిన దాన్ని తిరిగి పెట్టే హక్కు రౌటర్‌కి ఎవరిచ్చారు? సపోర్ట్‌కి ఫోన్ చేస్తే "ఫ్యాక్టరీ రీసెట్ చేయండి" అన్నారు. రీసెట్ చేస్తే ఏఎల్‌జీ ఆన్ అవుతుంది. అంతకంటే ముందుకి ఆ సంభాషణ వెళ్లలేదు.

ఏఎల్‌జీ తీశాక కూడా ఒకవైపే మాట వస్తుంటే ఇక రౌటర్‌ని తిట్టొద్దు, ఫోన్ సిస్టమ్‌లో చూడండి. ఫ్రీపీబీఎక్స్‌లో ఆస్టరిస్క్ సిప్ సెట్టింగ్స్ పేజీలో ఎక్స్‌టర్నల్ అడ్రస్, లోకల్ నెట్‌వర్క్స్ అని ఉంటాయి, పక్కనే డిటెక్ట్ బటన్ కూడా ఉంటుంది. అవి ఖాళీగానో పాతవిగానో ఉంటే సిస్టమ్ బయటివాళ్లకి "నాకు ఆడియో 192.168తో మొదలయ్యే అడ్రస్‌కి పంపు" అని చెప్తుంది. అది లోపలి అడ్రస్, బయటి నుంచి దానికి దారే లేదు.

ఇంకో లక్షణం గుర్తుపెట్టుకోండి, చాలా పనికొస్తుంది. కాల్ కలుస్తుంది, రెండు వైపులా మాట బాగుంటుంది, సరిగ్గా 32 సెకన్లకి కట్ అయిపోతుంది. ఇది నెట్ స్పీడ్ సమస్య కానే కాదు. కాల్ ఎత్తగానే ఎత్తినవైపు నుంచి ఓకే వెళ్తుంది, దానికి అవతలివాళ్లు అందిందని ఏక్ పంపాలి. ఓకేలో తప్పు అడ్రస్ ఉంటే ఆ ఏక్ ఎటో పోతుంది. సిప్ ప్రమాణంలో, అంటే 2002లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3261లో, అర సెకను టైమర్‌కి 64 రెట్లు ఎదురుచూడమని ఉంది, అదే 32 సెకన్లు. ఆ తర్వాత సిస్టమ్ ఇక లాభం లేదని కాల్ వదిలేస్తుంది. అందుకే గడియారం పెట్టి చూడండి. 32 దగ్గరే తెగుతోందంటే అడ్రస్ తప్పు, లేదా ఏఎల్‌జీ వేలు పెడుతోంది.

యూడీపీ టైమవుట్ విషయంలో కూడా ఈ రౌటర్ పిసినారే. కొంచెంసేపు కదలిక లేకపోతే ఆ దారి మూసేస్తుంది, ఎంతసేపో చెప్పదు, మార్చుకోనివ్వదు. యాప్‌లో రిజిస్టర్డ్ అని పచ్చగా ఉంటుంది, బయటికి కాల్ వెళ్తుంది, లోపలికి మాత్రం మోగదు. ఫోన్లో కీప్‌అలైవ్ 20, 25 సెకన్లకి ఒకసారి పెడితే సర్దుకుంటుంది. అలాగే లూప్‌బ్యాక్ లేదు, అంటే ఆఫీసు వైఫైలో ఉండి పబ్లిక్ పేరుతో మన సర్వర్‌కే వెళ్లాలంటే కుదరదు. బయట ఉన్నంతసేపు బాగా పనిచేసిన యాప్ ఆఫీసులో అడుగుపెట్టగానే ఆగిపోతుందంటే కారణం ఇదే. లోపలి డీఎన్ఎస్‌లో (పేరుకి ఐపీ చెప్పే చోట) ఆ పేరుకి లోపలి ఐపీ ఇస్తే సరిపోతుంది.

ఇవన్నీ చేసేముందు ఒక్కటి చూసుకోండి. రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (రౌటర్‌కి బయటివైపు ఉన్న అడ్రస్) ఏముంది, బయటి సైట్‌లో మీ ఐపీ ఏం కనిపిస్తోంది. రెండూ ఒకటి కాకపోతే, ముఖ్యంగా రౌటర్‌లో ఉన్నది 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే, మీరు సీజీనాట్ వెనక ఉన్నారు. ఒకే పబ్లిక్ ఐపీని కంపెనీ చాలామందికి పంచుతోంది, మీ రౌటర్‌లో ఎన్ని రూల్స్ రాసినా బయటి ప్యాకెట్ మీ దాకా రాదు. స్టాటిక్ పబ్లిక్ ఐపీ అడగాలి, లేదా బయట ఒక సర్వర్ తీసుకుని అక్కడికి వైర్‌గార్డ్ టన్నెల్ (వీపీఎన్ దారి) వేయాలి. ఈ రౌటర్‌లో మెచ్చుకోవాల్సింది, వ్యాన్ ఐపీని దాచకుండా మొదటి పేజీలోనే చూపిస్తుంది.

చాలామందికి ఎవరూ చెప్పని విషయం ఇంకోటి. మీ ట్రంక్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో రిజిస్టర్ అయ్యే రకమైతే, బయట ఎక్స్‌టెన్షన్లు (మన సిస్టమ్‌కి చెందిన ఫోన్లు) లేకపోతే, పోర్ట్ ఫార్వర్డింగ్ చాలాసార్లు అవసరమే ఉండదు. లోపలి నుంచి మనమే వెళ్లి తలుపు తడుతున్నాం, ఆ తెరుచుకున్న దారిలోనే కాల్ వస్తుంది. కీప్‌అలైవ్ ఉంటే చాలు. ఫార్వర్డింగ్ కావాల్సింది బయటి ఫోన్లు నేరుగా రిజిస్టర్ అవ్వాలన్నప్పుడు, లేదా ట్రంక్ వాళ్లు మన ఐపీని చూసి కాల్స్ పంపే పద్ధతిలో ఉన్నప్పుడు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే 5060ని లోకం మొత్తానికి తెరవడం చిన్న విషయం కాదు. తెరిచిన కాసేపటికే లాగ్‌లో "ఫ్రెండ్లీ స్కానర్" అనే పేరుతో రిక్వెస్టులు మొదలవుతాయి. పేరు చూసి మోసపోవద్దు, 100, 101, 1001 అంటూ ఎక్స్‌టెన్షన్లు వెతికి, పాస్‌వర్డ్ దొరికితే ఖరీదైన విదేశీ నంబర్లకి రాత్రంతా కాల్స్ కొట్టేవాళ్లు ఇలాంటి సాధనాలే వాడతారు. మంచి రౌటర్‌లో అయితే "ఈ ఐపీ నుంచి వస్తేనే పంపు" అని ఫార్వర్డింగ్ రూల్‌లోనే రాయొచ్చు. ఇందులో ఆ గడి లేదు. ఇంకో అర మార్కు అక్కడే పోయింది. కాబట్టి ఆ పని ఫ్రీపీబీఎక్స్ ఫైర్‌వాల్‌లో చేయాలి, ఫెయిల్‌టుబ్యాన్ (పదే పదే తప్పు పాస్‌వర్డ్ కొట్టే ఐపీలని ఆపేది) ఆన్‌లో ఉండాలి, ఎక్స్‌టెన్షన్ నంబర్‌నే పాస్‌వర్డ్‌గా పెట్టడం లాంటివి మానేయాలి. డీఎంజెడ్‌లో (అన్ని పోర్టులూ ఒకే కంప్యూటర్‌కి పంపే సెట్టింగ్) పెట్టేస్తే అన్నీ పనిచేస్తాయి కదా అని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినొద్దు. సిస్టమ్ అడ్మిన్ పేజీతో సహా అన్నీ బయటికి తెరుచుకుంటాయి.

ఇప్పటికే ఈ డబ్బా ఉన్నవాళ్లు మార్చాల్సిన పనిలేదు, పైన రాసినట్టు సర్దుకుంటే కాల్స్ శుభ్రంగా వస్తాయి, నా దగ్గర వస్తున్నాయి. కొత్తగా ఫోన్ సిస్టమ్ పెట్టేవాళ్లు మాత్రం దీన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (తాను నాట్ చేయకుండా నెట్‌ని నేరుగా వెనక రౌటర్‌కి వదిలే పద్ధతి) పెట్టించి, వెనక ఏఎల్‌జీని పూర్తిగా ఆపగలిగే, సోర్స్ ఐపీతో రూల్ రాయనిచ్చే రౌటర్ ఒకటి పెట్టుకోండి. బ్రిడ్జ్ చేయకుండా రెండో రౌటర్ తగిలిస్తే రెండు నాట్లు అవుతాయి, రెండు చోట్లా రూల్స్ రాయాలి, ముందున్న డబ్బాలో ఏఎల్‌జీ ఎలాగూ బతికే ఉంటుంది. బ్రిడ్జ్ మోడ్ బటన్ ఇందులో మెనూలో లేదు, సపోర్ట్ వాళ్లు తమ వైపు నుంచి మార్చాలి. అడిగితే మాత్రం అదే రోజు చేశారు, ఆ మేరకు వాళ్లకి థాంక్స్.