గళ్ల బ్యాగు, 1,450 రూపాయలు

సంక్రాంతికి రాజమండ్రి నుంచి హైదరాబాద్ వెళ్లాం, గాలిపటాల పండగ చూడ్డానికి. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర లాడ్జి, రోజుకి 1,800, వేడినీళ్లు వచ్చాయి, పేచీ లేదు. నా ఏడుపంతా బ్యాగు గురించే.

కోఠీలో ఓ దుకాణంవాడు "రిప్‌స్టాప్ అన్నా, చిరగదు, గుంజి చూడుండ్రి" అన్నాడు. గుడ్డ నిండా సన్న గళ్లు. గుంజాను, చిరగలేదు. మా ఆవిడ "బేరమాడండీ" అంటూనే ఉంది, నేను 1,450 చేతిలో పెట్టేశాను. సుల్తాన్ బజార్‌లో మెట్రో ఎక్కి జేబీఎస్ పరేడ్ గ్రౌండ్‌లో దిగేటప్పుడు రెయిలింగ్ అంచు గీరుకుంది. గోరంత కన్నం. మెట్లు దిగేసరికి జానెడయింది, పల్లీపట్టీలు కింద దొర్లాయి. ఆవిడ ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది.

మైదానంలో పెద్ద గాలిపటం మడతపెడుతున్న ఒకాయన నా బ్యాగు చూసి నవ్వాడు. తన పటం నా వేళ్ల మధ్య పెట్టాడు. అసలు రిప్‌స్టాప్‌లో కొన్ని మిల్లీమీటర్లకొకటి చొప్పున, నిలువునా అడ్డంగా, బలమైన దారం కలిపి నేస్తారు. కన్నం పడినా చిరుగు ఆ దారం దగ్గర ఆగుతుంది. ఆయన పటానికీ పుల్ల గుచ్చుకున్న కన్నముంది, ఒక గడిలోనే ఉండిపోయింది, పైన టేపు ముక్క. నా బ్యాగు గళ్లు? అచ్చు వేసిన రంగు! గోటితో రాస్తే గరుకే తగల్లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో పట్టు కరువై పారాచూట్లకు నైలాన్ వాడినప్పుడు మొదలైన నేతట ఇది. ఇప్పుడు టెంట్లు, సైనికుల దుస్తులు, మడతపెట్టే సంచులు, ఇలా చాలావాటికి అదే. వాన ఆపేది మాత్రం నేత కాదు, పైన పూసే పూత.

మర్నాడు కోఠీ వెళితే "బిల్లేదన్నా?" అన్నాడు దుకాణంవాడు. అసలు బిల్లిచ్చాడా వాడు! ఆటోకి 220 దండగ.

మోండా మార్కెట్ దగ్గర జిప్పులు కుట్టే పెద్దాయన లోపలివైపు మందపాటి గుడ్డ వేసి 60 రూపాయలకే కుట్టిచ్చాడు. ఆ బ్యాగు మీద పెట్టినవాటిలో దండగనిపించని ఖర్చు అదొక్కటే. మీరు కొనేటప్పుడు గుడ్డని వెలుతురుకెత్తి పట్టుకోండి, గోటితో గీరండి, బిల్లు లేకపోతే లేచి వచ్చేయండి.

బ్యాగు ఇప్పుడు మా ఇంట్లో ఉల్లిపాయలు మోస్తోంది. ఇంకో రెండు చోట్ల చిరిగింది, పెద్దాయన కుట్టిన చోట తప్ప.