తాబేళ్లతో స్నార్కెలింగ్, ప్రైవేటు బోటు అంటూ అమ్మే అండమాన్ ప్యాకేజీలు: తిరుపతి, చిత్తూరు వాళ్ళు దుడ్లు కట్టేముందు చదవండి

సెలవులు దగ్గరపడితే చాలు, మన ఊళ్ళ ట్రావెల్స్ వాళ్ళ వాట్సాప్ స్టేటసుల్లో ఒకటే ఫోటో తిరుగుతుంది. అద్దంలాంటి నీళ్ళు, పెద్ద సముద్రపు తాబేలు, దాని పక్కనే మాస్కు, గొట్టం పెట్టుకుని నీళ్ళ మీద తేలుతూ కిందికి చూస్తున్న మనిషి. స్నార్కెలింగ్ అంటే ఇదే. కింద ‘అండమాన్, మీ కుటుంబానికి ప్రైవేటు బోటు, తాబేళ్లు గ్యారంటీ’ అని రాసి ఉంటుంది. ఆ మాట నమ్మి వెళ్ళినవాళ్ళకు అక్కడ దక్కుతున్నది వేరు. జెట్టీలో టోకెను తీసుకుని లైన్లో నిలబడాలి. ముక్కూమొహం తెలియని వాళ్ళతో కలిసి షేరింగు బోటు ఎక్కాలి. ఒడ్డు దగ్గరే రబ్బరు ట్యూబు పట్టుకుంటే గైడు ఓ పావుగంట లాగి తెచ్చి వదిలేస్తాడు. తాబేలు జాడ ఉండదు. ఇక్కడ అమ్మినవాళ్ళకు ఫోను చేస్తే ‘అక్కడివాళ్ళతో మాట్లాడుకోండి సార్’ అంటారు. అక్కడివాళ్ళేమో ‘మాకు ఇచ్చిన దుడ్లకు ఇంతే’ అంటారు. ఇద్దరి మధ్యా మీ డబ్బు పోతుంది.

అమ్మినవాళ్ళ పేరు ఇక్కడ పెట్టడం లేదు. ఇది ఒక్క ఆఫీసు చేసే పని కాదు, అమ్మే పద్ధతే ఇలా ఉంది. తిరుపతి ఏజెంటుకు సొంత బోటు ఉండదు. అతను చెన్నైలోనో పోర్ట్‌బ్లెయిర్‌లోనో (ఇప్పుడు శ్రీ విజయపురం) ఉన్న పెద్ద ఏజెంటుకు బుకింగు పంపిస్తాడు. ఆ పెద్దాయన హావ్‌లాక్ ద్వీపంలోనో నీల్ ద్వీపంలోనో ఉన్న వాటర్ స్పోర్ట్స్ వాళ్ళకు చెబుతాడు. ఒక్కో చేతికీ కొంత కమీషను పోయాక చివరి బోటువాడికి అందేది షేరింగు సీటు ధరే. ప్రైవేటు బోటు అన్న మాట మీ వోచరు మీదే మిగిలిపోతుంది, అతని దాకా చేరనే చేరదు. మరీ తెలివైనవాళ్ళు వోచరులో బోటు ఊసే ఎత్తరు, ‘స్నార్కెలింగ్ ఇన్‌క్లూడెడ్’ అని ఒక్క ముక్క రాస్తారు. హావ్‌లాక్‌లో ఎలిఫెంట్ బీచికి పోయే బోటు టికెట్టుతో ఒడ్డు దగ్గర చిన్న రౌండు ఎలాగూ కలిపే ఇస్తారు. దానినే మీకు వేలకు వేలు పెట్టి అమ్ముతున్నారు.

అన్నిటికంటే పెద్ద అబద్ధం ఆ గ్యారంటీ. సముద్రంలో తిరిగే జీవాన్ని ఫలానా టైముకు చూపిస్తానని ఎవ్వరూ మాట ఇవ్వలేరు. నిజాయతీ ఉన్న గైడు ‘ఇక్కడ కనిపిస్తుంటాయి, ఈ రోజు చూద్దాం’ అని మాత్రమే అంటాడు. పచ్చ తాబేలు లోతు తక్కువ చోట సముద్రపు గడ్డి మేస్తుంది. ముక్కు కొక్కెంలా ఉండే హాక్స్‌బిల్ తాబేలు పగడాల మధ్య స్పంజికల (స్పాంజిలా ఉండే సముద్రజీవుల) కోసం తిరుగుతుంది. కాబట్టి వెతకాల్సింది గడ్డి, పగడాలు రెండూ దగ్గర దగ్గరగా ఉన్న చోట. అండమాన్‌లో ఆ అవకాశం నీల్ ద్వీపం చుట్టుపక్కల ఎక్కువ. ఎలిఫెంట్ బీచిలో రంగు చేపలు, పగడాలు బాగా కనిపిస్తాయిగానీ తాబేలు కోసమే అంతదూరం పోతున్నవాళ్ళు ఒక్క ఎలిఫెంట్ బీచి మాత్రమే పెట్టిన ప్లాను ఒప్పుకోవద్దు.

తేదీలు మన సౌకర్యానికి పెట్టుకుంటున్నాం, సముద్రం సంగతి చూడటం లేదు. ఏజెంట్లు ఈ విషయం నోరెత్తి చెప్పరు కాబట్టి కాస్త వివరంగా చెబుతున్నాం. మన పిల్లలకు వేసవి సెలవులిచ్చేది ఏప్రిల్ చివర్లో. మే రెండో సగానికల్లా అండమాన్‌ను నైరుతి రుతుపవనాలు తాకుతాయి. అక్కడినుంచి సెప్టెంబరు దాకా అలలెక్కువ, నీళ్ళు కలకబారి ఉంటాయి, బోట్లు ఎప్పుడు ఆపేస్తారో తెలీదు. దసరా సెలవులప్పుడు సీజను అప్పుడే మొదలవుతూ ఉంటుంది, నవంబరు డిసెంబరుల్లో బంగాళాఖాతంలో తుపాన్ల భయం ఉండనే ఉంది. నీళ్ళు తేటగా, అలలు తక్కువగా ఉండేది జనవరి నుంచి ఏప్రిల్ వరకు. సంక్రాంతి సెలవులు ఇందుకు బాగా కుదురుతాయి. మే చివరి వారానికి ‘ఆఫర్ రేటు’ అని ఎవరైనా అంటే, ఆ తగ్గింపు ఎందుకో మీకే అర్థమవుతుంది.

రోజు కుదిరినా గంట తప్పితే లాభం లేదు. నీల్‌లో భరత్‌పూర్ వైపు పగడాల దిబ్బ లోతు చాలా తక్కువ. ఆటు సమయంలో నీళ్ళు వెనక్కి పోయి రాళ్ళు బయటపడతాయి. అప్పుడు ఈదబోతే మోకాళ్ళు చీరుకుపోతాయి, పగడాలూ విరుగుతాయి. నీళ్ళు ఎక్కుతున్నప్పుడు, పోటు మీదున్నప్పుడు దిగాలి. అమావాస్య, పౌర్ణమి ముందూ వెనకా ఆటుపోట్ల తేడా ఎక్కువ, కాబట్టి ఆ రోజుల్లో టైము మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. బుక్ చేసేటప్పుడే ‘ఆ రోజు పోటు ఎన్ని గంటలకు?’ అని అడగండి. జవాబు చెప్పలేకపోతే అవతలివాళ్ళకు బోటు పని తెలియదని అర్థం. ఇంకొకటి, అండమాన్ మనకు బాగా తూర్పున ఉన్నా గడియారం మనదే కావడంతో చలికాలంలో సాయంత్రం 5 గంటలకే సూర్యుడు దిగిపోతాడు. మధ్యాహ్నం 3 గంటల స్లాటు ఇస్తే ఒప్పుకోవద్దు, నీళ్ళలో వెలుతురు ఉండదు. పొద్దున 7, 8 గంటలకు బయలుదేరేలా పోటు చూసుకుని అడగండి.

ఇక ప్రాణాల సంగతి. 2014 జనవరి 26న పోర్ట్‌బ్లెయిర్ దగ్గర పర్యాటకుల బోటు మునిగి 20 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో చాలామంది మనకు కూతవేటులో ఉన్న కాంచీపురం నుంచి వెళ్ళినవాళ్ళే. ఆ బోటులో మోయగలిగిన దానికంటే చాలా ఎక్కువ మందిని ఎక్కించారు. బోటు పక్కన దాని రిజిస్ట్రేషను నంబరు, ఎంతమందికి అనుమతి ఉందో రాసి ఉంటుంది. చదవండి, తలలు లెక్కపెట్టండి, ఎక్కువైతే దిగిపోండి. పక్కవాళ్ళు విసుక్కున్నా సరే. సిబ్బందిలో ఇద్దరు ఉండాలి, ఒకరు నీళ్ళలో మీతో, ఒకరు బోటు మీద. బోటు నడిపేవాడే గైడుగా దిగితే మీరు తేలుతున్నచోట బోటును చూసేవాళ్ళు ఉండరు. మనుషులు నీళ్ళలో ఉన్నంతసేపూ ఇంజను ఆపేసి ఉండాలి, దగ్గరికి రావాలన్నా ప్రొపెల్లరు ఆగాకే రావాలి. ఎక్కడానికి నిచ్చెన ఉందో లేదో ఒడ్డుమీదే చూసుకోండి. నిచ్చెన లేని చిన్న బోటులోకి అలసిపోయిన మనిషిని, అందులోనూ కాస్త వయసు మీద పడినవాళ్ళను లాగి ఎక్కించడం చాలా కష్టం.

లైఫ్ జాకెట్ చేతికిచ్చిన వెంటనే తొడుక్కోకండి. లోపలి ఫోమును రెండు వేళ్ళతో గట్టిగా నొక్కి వదలండి. మంచిదైతే వెంటనే పైకి లేస్తుంది. అట్టలా పలచబడి నొక్కిన గుంత అలాగే ఉండిపోతే దాని పని అయిపోయినట్టే. చంకల కింద కుట్లు చూడండి, మొదట ఊడేది అక్కడే. బకిల్సు మూడూ పట్టుకోవాలి, విరిగిన బకిలు చోట తాడు ముడేసి ఇస్తే తీసుకోవద్దు. తొడుక్కున్నాక భుజాల దగ్గర ఎవరైనా పట్టుకుని పైకి లాగితే గడ్డం దాటి పైకి రాకూడదు. పిల్లలకు పెద్దవాళ్ళ జాకెట్టు వేస్తే నీళ్ళలో అది పైకి తేలి బిడ్డ కిందికి జారిపోతుంది. పిల్లల సైజు ఎన్ని కావాలో ముందే చెప్పి, ఉన్నాయని రాయించుకోండి.

మాస్కు చూసేదీ ఇంతే సులువు. పట్టీ తగిలించకుండా మొహానికి ఆనించి ముక్కుతో గాలి లోపలికి పీల్చండి. చేతులు వదిలినా మాస్కు అతుక్కుని నిలబడితే మీ మొహానికి సరిపోయినట్టు. జారితే వేరేది మార్చమనండి, పట్టీ బిగించినంత మాత్రాన నీళ్ళు రావడం ఆగదు. మీసం గుబురుగా ఉన్నవాళ్ళకు పై పెదవి దగ్గర నీళ్ళు కారతాయి, అక్కడ కొంచెం వాజలిన్ రాసుకుంటే తగ్గుతుంది. సిలికాను అంచు మెత్తగా ఉండాలి, గట్టిపడి పసుపుపచ్చగా మారిందంటే పాతది. అద్దానికి ఆవిరి పట్టకుండా లోపలివైపు ఒక్క చుక్క బేబీ షాంపూ రుద్ది కడిగితే చాలు. కళ్ళద్దాలు వాడేవాళ్ళు పవరు మాస్కు ఉందేమో అడగాలి, లేకపోతే తాబేలు కాళ్ళ కిందనుంచి పోయినా మసకే. మొహమంతా కప్పే ఫుల్ ఫేస్ మాస్కు చూడ్డానికి బాగుంటుందిగానీ నాసిరకం వాటిలో మనం వదిలిన గాలే లోపల తిరుగుతుంది, తల తిరుగుతుంది. మామూలు మాస్కు, విడి గొట్టమే మేలు. నోట్లో పెట్టుకునే ముక్క సంగతి చెప్పనక్కర్లేదు, కొత్తది వెంట తీసుకుపోండి.

బీపీ, గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్ళు ఈత వచ్చినా డాక్టరును అడక్కుండా దిగొద్దు. పడవ కదలికకు కడుపులో తిప్పేవాళ్ళు మాత్ర ఎక్కేముందే వేసుకోవాలి, వాంతులు మొదలయ్యాక వేసుకుంటే ప్రయోజనం లేదు. ప్యాకేజీలో చివరిరోజు స్కూబా (గాలి సిలిండరుతో లోతుకు దిగే డైవింగు) కలిపి మరుసటి పొద్దున్నే చెన్నై ఫ్లైటు పెట్టేవాళ్ళున్నారు. ఒక్కసారి డైవ్ చేసినా విమానం ఎక్కడానికి కనీసం 12 గంటలు, రెండుమూడు సార్లయితే 18 గంటలు గడవాలి. స్నార్కెలింగ్‌కు ఈ నియమం లేదు.

తాబేలు కనిపించిన తర్వాత జరిగేదే కొన్నిసార్లు మరీ ఘోరం. ఫోటో కోసం కొందరు గైడులు తాబేలు డిప్పను పట్టుకుని ఆపుతారు, పైకెత్తి మీ చేతికిస్తారు. పట్టుకోకండి. మన సముద్రాల్లోని తాబేళ్లన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పట్టడం కూడా ఆ చట్టం లెక్కలో వేటే. 2022 సవరణ తర్వాత శిక్ష 3 నుంచి 7 ఏళ్ళ జైలు, జరిమానా 25,000 రూపాయలకు తగ్గదు. మీ ఫోనులో ఉన్న ఫోటోయే మీ మీద సాక్ష్యం. చట్టం పక్కనపెట్టినా, తాబేలుకు ఊపిరితిత్తులే ఉన్నాయి, గాలి కోసం పైకి రావాల్సిందే. నలుగురు పైన మూగితే అది ఊపిరి తీసుకోకుండానే కిందికి పోతుంది. కనీసం 3 మీటర్లు ఎడంగా, వెనక నుంచి కాకుండా పక్కనుంచి చూడండి. వెంటపడొద్దు. కదలకుండా తేలుతూ ఉంటే చాలాసార్లు అదే మేతమేస్తూ దగ్గరికి వస్తుంది. పగడం ముక్క గుర్తుగా తెచ్చుకోవడం కూడా నేరమే, చచ్చిన పగడమైనా సరే, విమానాశ్రయంలో పట్టుకుంటారు.

‘ఎవరికీ తెలియని చోటుకి తీసుకుపోతా’ అనే బోటువాడిని అసలు నమ్మొద్దు. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్ళున్నాయి. 2010లో హావ్‌లాక్‌లో స్నార్కెలింగ్ చేస్తున్న అమెరికా యువతిని మొసలి చంపేసింది. అనుమతి ఉన్న చోట్లనే దిగండి, మడ అడవుల పాయల దగ్గర అస్సలు దిగొద్దు.

అంతదూరం ఎందుకు, మన తూపిలిపాళెం బీచిలోనే తాబేళ్లు చూపిస్తామని ఎవరైనా అంటే కూడా కట్టొద్దు. మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వచ్చే మాట నిజమే, జనవరి నుంచి మార్చి దాకా రాత్రిపూట ఒడ్డెక్కి ఇసుకలో గుడ్లు పెడతాయి. కానీ స్వర్ణముఖి లాంటి ఏర్లు తెచ్చే ఒండ్రుతో అక్కడి నీళ్ళలో చెయ్యి చాచితే వేళ్ళు కనబడవు. ఈతకు అలలూ మంచివి కావు. లక్షద్వీప్ అని అమ్మేవాళ్ళ దగ్గరైతే ముందు ప్రవేశ పర్మిటు సంగతి తేల్చుకోండి. తాబేళ్లు చూడాలంటే అక్కడి అగత్తి, కడమత్ ద్వీపాలు నిజంగా గొప్ప చోట్లే, పర్మిటు లేకుండా మాత్రం అడుగుపెట్టనివ్వరు.

కట్టేముందు వాట్సాప్‌లో అయినా సరే ఇవి రాయించుకోండి: బోటు మొత్తం మీ కుటుంబానికేనా, మొత్తం ఎన్ని గంటలు, అందులో నీళ్ళలో ఎంతసేపు, ఏ జెట్టీ నుంచి ఏ చోటికి, ఎంతమంది గైడులు, అక్కడ బోటు నడిపేవాళ్ళ పేరు, ఫోను నంబరు. ఆ నంబరుకు మీరే ఫోను చేసి మీ పేరున బుకింగు ఉందో లేదో కనుక్కోండి. ఈ ఒక్క ఫోనుతో సగం మోసాలు బయటపడతాయి. హోటలు, ఫెర్రీలతో కలిపేయకుండా బోటు ధర విడిగా రాయమనండి, లేకపోతే రేపు రీఫండు అడిగితే ‘అది ఫ్రీగా ఇచ్చాం’ అంటారు. వాతావరణం వల్ల బోటు ఆగితే పూర్తి సొమ్ము వెనక్కి వస్తుందా, మరుసటి రోజుకు మారుస్తారా అన్నదీ ఉండాలి. డబ్బు కంపెనీ ఖాతాకే వేసి, జీఎస్టీ నంబరున్న బిల్లు తీసుకోండి. ‘మా తమ్ముడి ఫోన్‌పేకి కొట్టండి’ అంటే అక్కడితో ఆపేయండి.

ఇప్పటికే మోసపోయినవాళ్ళు వోచరు, చాటింగు, బిల్లు, జెట్టీలో ఇచ్చిన టోకెను, షేరింగు బోటులో తీసిన ఫోటోలు ఏవీ డిలీట్ చెయ్యొద్దు. ముందు 1915కు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్లో ఫిర్యాదు నమోదు చేయండి. దానికి లొంగకపోతే జిల్లా వినియోగదారుల కమిషనుకు వెళ్ళొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు, అండమాన్‌కో చెన్నైకో తిరగాల్సిన పనిలేదు. మీరు కట్టింది 5 లక్షల లోపైతే కమిషనులో ఫీజు లేదు, గడువు రెండేళ్ళు. డబ్బు తీసుకుని ఫోను స్విచ్ఛాఫ్ చేసినవాళ్ళయితే ఆలస్యం చేయకుండా అదే రోజు సైబర్ మోసాల హెల్ప్‌లైను 1930కి చెప్పండి.