వైజాగ్‌లో వీసా, పాస్‌పోర్ట్ ఫొటో: స్టూడియో, నెట్ సెంటర్, ఫోన్ మీద రివ్యూ

విశాఖలో పాస్‌పోర్ట్ సైజు ఫొటో దొరకని వీధి లేదు. ద్వారకానగర్, డాబాగార్డెన్స్, జగదాంబ, గాజువాక, ఎంవీపీ కాలనీ, ఎక్కడికెళ్లినా కాసేపట్లో ఎనిమిది కాపీలు కవర్లో పెట్టి ఇచ్చేస్తారు. బ్యాంకు ఖాతాకో, కాలేజీ దరఖాస్తుకో అవి చక్కగా సరిపోతాయి. వీసా దగ్గరకొచ్చేసరికి అదే స్టూడియో, అదే కెమెరా, కానీ ఫొటో తిరిగొస్తుంది. చాలావరకు కారణం ఒకటే. మన స్టూడియోలకి మనిషిని అందంగా చూపించడం అలవాటు. కాన్సులేట్‌కి మనిషి ఉన్నది ఉన్నట్టు కావాలి. ఊళ్లో ఉన్న మూడు దారులనూ ఇక్కడ ముఖ్యంగా ఆ ఒక్క విషయం పెట్టుకునే చూశాం.

ముందు ఒక అనవసర ఖర్చు సంగతి. కొత్త పాస్‌పోర్ట్‌కి గానీ రెన్యువల్‌కి గానీ సేవాకేంద్రానికి వెళ్లే పెద్దవాళ్లు ఫొటో తీసుకెళ్లనక్కర్లేదు. మర్రిపాలెం ప్రాంతీయ పాస్‌పోర్ట్ కార్యాలయం కింద నడిచే సేవాకేంద్రాల్లో మొదటి మజిలీ అయిన ఏ-కౌంటర్ దగ్గర వేలిముద్రలతో పాటు ఫొటో కూడా వాళ్లే తీస్తారు. నాలుగేళ్ల లోపు పిల్లలకి మాత్రం 4.5 సెంటీమీటర్ల ఎత్తు, 3.5 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఫొటో, తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో, వెంట ఉండాలి. పెద్దవాళ్లు చూసుకోవలసింది బట్టల రంగు. వెనక తెలుపే ఉంటుంది కాబట్టి తెల్లచొక్కా, లేత క్రీమ్ రంగు చీర వేసుకెళ్తే భుజాలు అందులో కలిసిపోతాయి. ముదురు నీలం, మెరూన్, ముదురు ఆకుపచ్చ బాగా తేలతాయి. ఫొటో తీశాక లేచేముందు స్క్రీన్ మీద ఒకసారి చూపించమనండి. కళ్లు సగం మూసుకుపోయి ఉంటే అక్కడే ఇంకోసారి తీయమనాలి, తర్వాతి బీ-కౌంటర్‌కి వెళ్లిపోయాక కాదు. పెద్దవాళ్ల పాస్‌పోర్ట్‌లో ఆ ముఖం పదేళ్లు ఉంటుంది.

స్టూడియోతో అసలు పని వీసాలకి. కౌంటర్ దగ్గర “పాస్‌పోర్ట్ సైజు” అని ఊరుకుంటే చేతికొచ్చేది 35 × 45 మిల్లీమీటర్ల కార్డు. అమెరికా వీసాకి కావలసింది 2 అంగుళాల చదరం, అంటే 51 × 51 మి.మీ. ఈ తేడా చాలామందికి తెలుసు. తల కొలత దగ్గరే పొరపాటు జరుగుతుంది. అమెరికాకి గడ్డం కింది అంచు నుంచి నడినెత్తి దాకా 25 నుంచి 35 మి.మీ. ఉండాలి. కళ్లు ఫొటో కింది అంచు నుంచి 28 నుంచి 35 మి.మీ. ఎత్తులో పడాలి. షెంజెన్ వీసాకి, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసాకి, 35 × 45 కార్డులో తల 32 నుంచి 36 మి.మీ. ఇక విదేశాల్లోని భారత రాయబార కార్యాలయాల్లో పాస్‌పోర్ట్‌కి దరఖాస్తు చేసేవాళ్లకి 2025 సెప్టెంబర్ 1 నుంచి ఐసీఏఓ (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) ప్రమాణం వచ్చింది. 630 × 810 పిక్సెళ్లు, ఫొటోలో ముఖం 80 నుంచి 85 శాతం. సెలవులకి ఇంటికొచ్చి ఇక్కడే ఫొటో తీయించుకుని పట్టుకెళ్లేవాళ్లకి ఇది ముఖ్యం. 630 × 810 అంటే నిష్పత్తిలో 35 × 45తో సమానమే. కానీ 45 మి.మీ.లో 80 - 85 శాతం అంటే తల 36 నుంచి 38 మి.మీ. దాకా వస్తుంది. షెంజెన్‌కి తీసింది దీనికి పెడితే తల చిన్నదవుతుంది, దీనికోసం కట్ చేసింది అక్కడ పెద్దదవుతుంది. ఒకే సైజు కార్డు కదా అని ఒకటే ఫొటో రెండు చోట్లా వాడితే తేడా కొట్టేది ఇక్కడే.

అందుకే మంచి స్టూడియోని గుర్తుపట్టడం తేలిక. లైట్లు వెయ్యకముందే “ఏ దేశానికండీ, దేనికి?” అని అడుగుతారు. ద్వారకానగర్ చుట్టుపక్కల విదేశీ చదువుల కన్సల్టెన్సీలు ఎక్కువ కాబట్టి అక్కడి స్టూడియోలకి అమెరికా కొలత నోటికొచ్చేసింది. షెంజెన్, ఐసీఏఓ అంటే మాత్రం కొలతలు మీరే కాగితం మీద రాసి తీసుకెళ్లడం మేలు.

లైటింగ్‌లో మన స్టూడియోలకి మంచి మార్కులే వెయ్యాలి. ముఖానికి రెండు పక్కలా రెండు సాఫ్ట్‌బాక్సులు (వెలుగుని మెత్తగా పరిచే గుడ్డ కట్టిన లైట్లు), కళ్ల ఎత్తులో కెమెరా, ఇంతే కావాలి. చిన్న గదుల్లో జరిగే తప్పు, స్టూల్‌ని తెరకి ఆనించి వేయడం. అప్పుడు చెవుల వెనక నీడ పడుతుంది. తెరకీ కుర్చీకీ మధ్య కనీసం ఒక మీటరు ఖాళీ ఉంటే ఆ నీడ తెర మీదకి రాదు. స్టూల్ ముందుకి జరపమని అడగడానికి మొహమాటపడకండి. పైనుంచి ఒక్క లైటే వేస్తే కళ్ల కింద, గడ్డం కింద నల్లగా వస్తుంది. మన సముద్రపు ఉక్కపోతకి ఇంకోటి కలుస్తుంది: నుదురు, ముక్కు మీద చెమట మెరిసి తెల్ల మచ్చలా పడుతుంది. పౌడర్ అద్దితే ముఖం పాలిపోతుంది. ఫ్యాన్ కింద పది నిమిషాలు కూర్చుని, పొడి రుమాలుతో ఒత్తి తుడుచుకుంటే చాలు. అమెరికా వీసా ఫొటోలో కళ్లజోడు 2016 నవంబర్ నుంచీ కుదరదు, తీసేయాలి. జుట్టు నుదుటి మీదకీ బుగ్గల మీదకీ పడకుండా వెనక్కి దువ్వుకోవాలి. జడలో పూలు చెవి పక్కనుంచి కనిపిస్తుంటే ఆ పూటకి తీసి పక్కన పెట్టండి.

ఇంతవరకూ బాగానే ఉంటుంది. చెడేది ఫొటో కంప్యూటర్లోకి వెళ్లాక.

టచప్ అనేది అడగకుండానే జరిగిపోతుంది. చర్మం నునుపు చేయడం, రంగు రెండు మెట్లు తెలుపు చేయడం, పుట్టుమచ్చ, గాటు చెరిపేయడం, కళ్ల కింద నలుపు తీసేయడం. కస్టమర్ సంతోషిస్తాడని నమ్మి చేస్తారు, అందులో చెడు ఉద్దేశం లేదు. కానీ ముఖాన్ని పోల్చి చూసేటప్పుడు ఆ పుట్టుమచ్చ, ఆ ముడతలు కూడా ఆనవాళ్లే. అమెరికా విదేశాంగ శాఖ సాఫ్ట్‌వేర్‌తోనో, ఫిల్టర్లతోనో, ఏఐతోనో మార్చిన ఫొటో వద్దని స్పష్టంగానే చెప్పింది. ఇంకా పెద్ద తప్పు కోటూ టై టెంప్లేట్. మీ మెడ దాకా కట్ చేసి రెడీమేడ్ కోటు మీద అతికిస్తారు. మెడకీ కాలర్‌కీ వెలుగు కలవదు, భుజాల వెడల్పు తలకి సరిపోదు. ఉద్యోగం బయోడేటాకి ఎలా ఉన్నా వీసాకి మాత్రం పనికిరాదు. మూడోది బ్యాక్‌గ్రౌండ్ మార్చడం. నీలం తెర ముందు తీసి తర్వాత తెల్లగా చేస్తే జుట్టు అంచు అట్ట కత్తిరించినట్టు కనిపిస్తుంది, చెవి చివర కొంచెం ఎగిరిపోతుంది. ఉంగరాల జుట్టు ఉన్నవాళ్లకి ఇది ఇంకా దారుణంగా వస్తుంది. కాబట్టి కూర్చోకముందే చెప్పేయండి: “తెల్ల తెర ముందే తీయండి, టచప్ వద్దు, కటింగ్ ఒక్కటే చెయ్యండి.” మంచి స్టూడియోవాళ్లు దీనికి ఏమీ అనుకోరు. టచప్ చెయ్యకపోతే ఫొటో బాగోదని వాదించే చోట వీసా ఫొటో తీయించుకోకండి.

ప్రింటు దగ్గర ఒక చిన్న కిటుకు తెలిసుండాలి. 4 × 6 అంగుళాల షీట్ మీద అమెరికా సైజువి సరిగ్గా ఆరు, 35 × 45వి ఎనిమిది పడతాయి. ప్రింటర్ బోర్డర్‌లెస్ మోడ్‌లో ఉంటే అంచున తెలుపు రాకుండా బొమ్మని కాస్త పెద్దది చేసి ముద్రిస్తుంది. దాంతో కంప్యూటర్లో 35 మి.మీ. ఉన్న తల కాగితం మీద ఇంకొంచెం పెరుగుతుంది. పేజీకి సరిపెట్టే ఆప్షన్ ఆన్‌లో ఉన్నా కొలత మారుతుంది. తల 35కి దగ్గరగా కట్ చేసిన అమెరికా ఫొటోలు ఇలాగే గీత దాటిపోతాయి. 30 - 32 దగ్గర పెట్టమంటే ఈ బాధ ఉండదు. షీట్ బయటికి రాగానే, కత్తిరించకముందే, స్కేలు పెట్టి గడ్డం నుంచి నెత్తి దాకా కొలవండి. అమెరికా కొలతలో నెత్తి అంటే జుట్టు పైఅంచు.

నెట్ సెంటర్, జిరాక్స్ షాపుల సంగతి తొందరగా తేల్చేయొచ్చు. గోడకి కట్టిన గుడ్డ, ట్యూబ్‌లైట్ వెలుగు, సెల్‌ఫోన్, ఇంక్‌జెట్ ప్రింటర్. స్థానిక దరఖాస్తులకి సరే, వీసా ప్రింటుకి వద్దు. వాళ్లు బాగా చేసే పని ఫారాలు నింపడం. ఫొటో అప్‌లోడ్ మాత్రం మీ కళ్లముందే చేయించుకోండి, ఎందుకంటే ఇక్కడ ఇంకో తప్పు జరుగుతుంది. అమెరికా వీసాకి ఆన్‌లైన్‌లో నింపే డీఎస్-160 ఫారానికి జేపీఈజీ ఫైలు కావాలి. చదరంగా, 600 × 600 నుంచి 1200 × 1200 పిక్సెళ్ల మధ్య, 240 కేబీ దాటకుండా. స్టూడియో కెమెరా ఫైలు కొన్ని ఎంబీలు ఉంటుంది. దాన్ని పిక్సెళ్లు తగ్గించకుండా క్వాలిటీ మాత్రమే నొక్కితే ముఖం మీద గళ్లు గళ్లుగా వస్తుంది. ముందు 1200 పిక్సెళ్లకో, అంతకన్నా తక్కువకో చేసి, తర్వాత సేవ్ చేస్తే 240 కేబీలో శుభ్రంగా ఇమిడిపోతుంది. డీపీఐ (ప్రింటులో అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే అంకె) 300 ఉండాలని కొందరు గొడవ చేస్తారు. అప్‌లోడ్‌కి ఆ అంకెతో పనిలేదు, పిక్సెళ్లే లెక్క. స్టూడియో నుంచి సాఫ్ట్ కాపీ వాట్సాప్‌లో పంపిస్తే డాక్యుమెంట్‌గా పంపమనండి. మామూలు ఫొటోగా పంపితే దారిలోనే కుదించేస్తుంది. కేబీ తగ్గిస్తామనే ఊరూపేరూ లేని వెబ్‌సైట్లకి మీ ముఖం ఇవ్వొద్దు. అమెరికా విదేశాంగ శాఖ సైట్‌లోనే కటింగ్‌కి ఉచిత టూల్ ఉంది. అది ఫ్రేము మాత్రమే సరిచేస్తుంది, లైటింగ్ బాగుందో లేదో చెప్పదు. ఎంతకీ అప్‌లోడ్ కాకపోతే కంగారు పడనక్కర్లేదు, ఫారం పూర్తిచేసి ప్రింటు ఫొటో వెంట తీసుకెళ్లే వీలుంది. విశాఖవాళ్లం ఇంటర్వ్యూకి హైదరాబాద్ పోవాలి కాబట్టి, అప్‌లోడ్ అయినా సరే, రెండు ప్రింట్లు ఇక్కడే తీయించి ఫైల్లో పెట్టుకుంటే అక్కడ వెతుక్కునే పని ఉండదు.

అప్‌లోడ్ ఒక్కటే కావాలంటే ఇంట్లో ఫోన్‌తో తీసింది స్టూడియో ఫొటోకి ఏమాత్రం తీసిపోదు. షరతులు కొన్ని ఉన్నాయి. సెల్ఫీ వద్దు, చేతి దూరం నుంచి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కిపోతాయి. వెనక కెమెరాతో, ఇంకొకరి చేత, మీటరున్నర దూరం నుంచి, కళ్ల ఎత్తులో తీయించాలి. బ్యూటీ మోడ్, పోర్ట్రెయిట్ మోడ్ రెండూ ఆపాలి. పోర్ట్రెయిట్ మోడ్ చెవుల అంచుల్ని మసక చేస్తుంది. పొద్దున పూట కిటికీకి ఎదురుగా నిలబడితే వెలుగు ముఖం రెండు వైపులా సమానంగా పడుతుంది. ఎండ నేరుగా పడుతుంటే పల్చటి తెల్ల కర్టెన్ వేయండి. గదిలో పసుపు బల్బు వెలుగుతుంటే తెల్లగోడ కూడా పచ్చగా వస్తుంది, ఆర్పేయండి.

పసిపిల్లలకైతే ఈ ఇంటి పద్ధతే మొదటి ఎంపిక, స్టూడియో స్టూల్ మీద వాళ్లని నిలబెట్టడం ఎవరి వల్లా కాదు. ముడతలు లేని తెల్ల దుప్పటి పరిచి, బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టి, పైనుంచి నిటారుగా తీయాలి. తీసేవాళ్ల నీడ బిడ్డ మీద పడకుండా కిటికీ వెలుగు పక్కనుంచి రావాలి. పట్టుకున్న చేతులు, గిలక్కాయ, పాలపీక ఏవీ ఫ్రేములో కనిపించకూడదు. బుగ్గ మీద పెట్టిన దిష్టిచుక్కని తుడిచేయండి, మచ్చలా పడుతుంది. అమెరికా నిబంధనల్లో పసికందుల కళ్లు పూర్తిగా తెరుచుకోకపోయినా ఒప్పుకుంటారు, కాస్త పెద్ద పిల్లలకి ఆ వెసులుబాటు లేదు. పాలు తాగాక, నిద్రకి ముందు ఉండే ఆ కొద్దిసేపట్లో వరసగా ఓ ఇరవై తీస్తే అందులో ఒకటి పనికొస్తుంది.