నాలుగున్నరేళ్ల స్టీరియో, రెండున్నర అడుగుల జరుపుడు

నా స్పీకర్ల వాట్లు, ఓమ్‌లు డబ్బా మీదే రాసుంటాయి కాబట్టి వాటి జోలికి పోను. మోడల్ పేరు కూడా కావాలనే రాయట్లేదు. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, అంటే అరలో పట్టేంత చిన్నవి, గాలి గొట్టం వెనకవైపు ఉన్న రకం. అంతే చాలు.

కొన్న మొదటి నెలలో ఫోన్ చేసి మరీ అందరికీ చెప్పాను, బేస్ అదిరిపోతోందని. అదిరిన మాట నిజమే. షోకేసులో స్టీలు గ్లాసులూ అదిరాయి. ఆర్నెల్లు గడిచాక అనుమానం మొదలైంది. ఏ పాట పెట్టినా ఆ కింది మోత ఒకే శ్రుతిలో ఉంటోంది. డోలు, మృదంగం, బేస్ గిటార్, అన్నిటికీ ఒకటే "బుమ్". కోఠీ వెళ్లి లావుపాటి వైరు తెచ్చి మార్చాను. డబ్బులు పోయాయి, బుమ్ పోలేదు.

మాది చిక్కడపల్లిలో అద్దె ఫ్లాటు. హాలు 15 అడుగులకు 11. కింద టైల్స్, చుట్టూ ఖాళీ గోడలు. చప్పట్లు కొడితే టింగుమంటుంది. స్పీకర్లు టీవీకి అటూ ఇటూ రెండు మూలల్లో ఉండేవి. బిగించడానికి వచ్చిన షాపు కుర్రాడే "గోడకు దగ్గరగా పెట్టుకోండి సార్, బేస్ పెరుగుతుంది" అన్నాడు. అబద్ధం చెప్పలేదు, పెరిగింది.

పై అంతస్తులో మృదంగం వాయించే పెద్దాయన ఉంటారు. బాబాయి గారూ అని పిలుస్తాం. నిరుడు వాళ్లింటికి రంగులు వేయిస్తుంటే నాలుగు రోజులు మా హాల్లో సాధన చేసుకుంటానని వచ్చారు. మా ఆవిడను అడిగి గుప్పెడు బొంబాయి రవ్వ తెప్పించుకుని, నీళ్లు చిలకరించి ముద్ద చేసి, మృదంగం ఎడమవైపు తోలు మధ్యలో అద్దారు. బొటనవేలితో అంచులు నొక్కడం, కొట్టి వినడం, కాస్త గిల్లి తీసేయడం. పది నిమిషాలు అదే పని. తర్వాత హాలు మధ్యలో చాప మీద కూర్చుని "తోం" అనిపించారు. గుమ్మని లేచింది, తోలు వణుకు వినపడింది, ఠక్కున తప్పుకుని తర్వాతి దెబ్బకు చోటిచ్చింది.

"నా స్పీకర్లలో రానిది ఇదే బాబాయి గారూ" అని ఒక కచేరీ రికార్డింగు పెట్టాను. ఆయన కాసేపు విన్నారు. ఏమీ అనకుండా మృదంగం ఎత్తుకెళ్లి, టీవీ పక్క మూలలో గోడకు వీపు ఆనించి కూర్చున్నారు. మళ్లీ "తోం".

అచ్చం నా స్పీకరే! అదే బుమ్, అదే సాగుడు. రవ్వ మారలేదు, చెయ్యి మారలేదు.

"నన్నూ ఇక్కడే కూచోబెడితే నేనూ ఇంతేనోయ్" అని నవ్వారు.

తర్వాత లెక్క వేసుకుంటే విషయం తేలిగ్గానే అర్థమైంది. 11 అడుగుల ఎడంలో ఉన్న గోడల మధ్య 51 హెర్ట్జ్ (సెకనుకు 51 కంపనాలు) దగ్గర ఒక మోత నిలబడిపోతుంది. 15 అడుగుల ఎడంలో అయితే 38 దగ్గర ఒకటి, 75 దగ్గర ఇంకొకటి. మూలలో పెట్టింది ఏదైనా వీటన్నిటినీ ఒకేసారి లేపుతుంది. నాలుగేళ్లుగా నేను మెచ్చుకున్న బేస్‌లో సగం మా ఇంటి ఓనరు కట్టించిన గోడలదన్నమాట.

స్పీకర్లను గోడకు రెండున్నర అడుగులు ముందుకు లాగాను. స్టాండ్లు కొనలేదు. సిమెంటు ఇటుకలు పేర్చి పైన తాండూరు బండ ముక్కలు వేశాను. ముందు వరంగల్ జంపఖానా పరిచాను, దాంతో టింగుమనడం తగ్గింది. బుమ్ పూర్తిగా పోలేదు, ముప్పావు వంతు పోయింది. కానీ అసలు ఆశ్చర్యం గొంతు. మొదటి రోజు నుంచీ గొంతు బ్రహ్మాండంగా ఉందనే అనుకునేవాణ్ణి. మూలలోంచి బయటికి వచ్చాక తెలిసింది, ఇన్నాళ్లూ అది కాస్త జలుబు చేసిన గొంతని. ఇప్పుడు పాడే మనిషి రెండు స్పీకర్ల నడుమ, కాస్త వెనగ్గా కూర్చున్నట్టుంటుంది. పల్లవికి ముందు ఊపిరి తీసుకోవడం వినపడుతుంది. కచేరీలు జరిగే త్యాగరాయ గానసభ మా ఇంటికి నడిచెళ్లే దూరమే, కానీ అక్కడైనా వినేది మైకులోంచేగా. అసలు మృదంగం ఎలా ఉంటుందో నాకు తెలిసింది ఆ చాప మీదే.

ఇబ్బందులూ ఉన్నాయి. ఫ్యాన్ తిరుగుతుంటే తంబుర వినపడదు, అంటే మంచి వినికిడి డిసెంబరు, జనవరిల్లోనే. కరెంటు పోతే మా పాత ఇన్వర్టర్ మీద ఆంప్లిఫయర్ జుయ్‌మంటుంది. మామూలు కరెంటులాగే నున్నగా ఇచ్చే ప్యూర్ సైన్‌వేవ్ రకం కొనాలి, కొనలేదు. చుట్టాలొస్తే స్పీకర్లు మళ్లీ మూలకే. టైల్స్ మీద ఎర్ర టేపుతో గుర్తులు పెట్టుకున్నాను. పనమ్మాయి వాటిని రెండుసార్లు శుభ్రంగా పీకి తుడిచేసింది.

కొనమంటారా అంటే, నేను రాత్రి పదింటి తర్వాత, తక్కువ వాల్యూమ్‌లో, ఎక్కువగా కర్ణాటక సంగీతం వినేవాణ్ణి. నా మట్టుకు ఇవి చాలు. దరువు పాటలు ఇష్టపడే మా తమ్ముడు మాత్రం మూలలో ఉన్నప్పుడే బాగుండేవంటాడు. పాకే పిల్లలున్న ఇంట్లో ఇటుకల మీద నిలబెట్టమని నేను చెప్పలేను. బాబాయి గారైతే వచ్చినప్పుడల్లా ఇంకో అడుగు లాగమంటారు. అక్కడ సోఫా ఉంది.