లోగో గీయించారా? హక్కుల బదిలీ మేలా, లైసెన్స్ చాలా?

పచ్చళ్ల సీసా మీది లోగోకు ఫ్రీలాన్స్ డిజైనర్‌కు డబ్బు కట్టేశాం కాబట్టి అది మనదే అనుకుంటారు చాలామంది. బిల్లు కట్టినంత మాత్రాన కాపీరైట్ రాదు. జీతం మీద పనిచేసే ఉద్యోగి పనిలో భాగంగా గీస్తే, ఒప్పందంలో వేరేలా లేకపోతే, అది యజమానిదే. బయటివాళ్లు గీస్తే దారులు రెండు.

హక్కుల బదిలీకి 1957 కాపీరైట్ చట్టం ప్రకారం పత్రం, దాని మీద డిజైనర్ సంతకం ఉండాలి. వాట్సాప్‌లో "సరే అండీ" అన్న మాటను నమ్ముకోవద్దు. ఏ బొమ్మ, ఏ హక్కులు, ఎంత సొమ్ము అన్నవి రాయాలి. దెబ్బతినేది మిగతా రెండింటి దగ్గర: గడువు రాయకపోతే 5 ఏళ్లే, ప్రాంతం రాయకపోతే భారతదేశమే. డల్లాస్‌కు సీసాలు పంపేవాళ్లు "ప్రపంచమంతటా, కాపీరైట్ ఉన్నంతకాలం" అని రాయించుకోవాలి. బదిలీ అయిన హక్కును ఏడాదిలోగా వాడకపోతే, పత్రంలో మినహాయింపు లేకుంటే, అది చెల్లదు.

లైసెన్స్ సాధారణంగా చవక. హక్కు డిజైనర్‌దే, వాడకం మీది. ఇదీ రాతలోనే ఉండాలి. "ఎక్స్‌క్లూజివ్" అన్న మాట లేకపోతే అదే బొమ్మను పక్క కొట్టుకూ ఇవ్వొచ్చు. సంక్రాంతి పోస్టర్‌కు లైసెన్స్ చాలు, లోగోకు మాత్రం బదిలీయే.

అన్నట్టు, లోగోలోని తెలుగు ఫాంటు లైసెన్స్‌ కూడా అడగండి. తనది కానిదాన్ని డిజైనర్ రాసివ్వలేరు.